కాలదోషము పట్టిన బాకీ: ‘నాది కాదు’ అని వ్రాయవచ్చునా?



ఊరు విడిచి హైదరాబాదు, పూణె, మస్కటు, డాలస్ వంటి చోట్ల స్థిరపడిన మన సంఘములవారినుండి కొంతకాలముగా ఒకే ప్రశ్న పలు రూపాలలో మాకు వస్తున్నది. ఎప్పుడో పదేళ్ళనాడు తీసుకున్న బ్యాంకు అప్పు తీర్చలేకపోయాము, బ్యాంకువారు దానిని రైటాఫ్ చేసుకున్నారు, అయినా ఇప్పటికీ అది మా క్రెడిట్ రిపోర్టులో కనబడుతున్నది, ఇల్లు కొనుక్కుందామంటే అప్పు పుట్టడము లేదు అంటారు. ఇంతలో ఏజెంటు ఒకడు వచ్చి, ‘ఈ ఖాతా నాది కాదు అని ఫిర్యాదు పెట్టండి. పాతది గదా, బ్యాంకువాళ్ళ దగ్గర కాగితాలు ఉండవు, జవాబు రాదు, దానంతట అదే పోతుంది’ అంటున్నాడట. అలా చేయవచ్చునా అని అడుగుతున్నారు.

ఇది బ్యాంకు వ్యవహారము, దీనికి సంఘ పెద్దలతో పనేమి అని కొందరు అంటారు. అడిగినవారికి అలా అనిపించలేదు కనుకనే అడిగారు. ఏజెంటు మాట వింటున్నప్పుడు చట్టము తెలియనివారికి కూడ ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ముల్లు ఎక్కడున్నదో వెదకుదాము.

ముందు కాగితము సంగతి. మనవాళ్ళందరూ ‘సిబిల్’ అని పిలిచే సంస్థ 2000 సంవత్సరములో ఏర్పడినది. దాని నేటి పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. అదిగాక ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అని మరి మూడు ఉన్నాయి. 2005నాటి చట్టము క్రింద, రిజర్వు బ్యాంకు అజమాయిషీలో ఇవి నడుస్తాయి. ఇవి అప్పు ఇచ్చేవీ కావు, ఆపేవీ కావు. బ్యాంకులు పంపిన లెక్కలను దాచి, అడిగిన బ్యాంకుకు చూపిస్తాయి, 300నుండి 900 లోపల ఒక మార్కు వేస్తాయి. ఏడాదికొకసారి ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానినుండి పూర్తి రిపోర్టును ఉచితముగా తీసుకొనే హక్కు మనకున్నది. కాని మేము చూసినంతలో, సిబిల్ అంటే భయపడేవారిలో చాలామంది దానిని ఒక్కసారైనా తెరచి చూసినవారు కారు. తీర్పు దినమున తెరవబడే గ్రంథమన్నంత భయము!

ఆ రిపోర్టులో ఆగిపోయిన అప్పు ఎదుట ఒక మాట ఉంటుంది. ‘క్లోజ్డ్’ అని ఉంటే మొత్తము తీరినదని. ‘సెటిల్డ్’ అని ఉంటే కొంత తీసుకొని బ్యాంకు సరిపెట్టుకున్నదని. ‘రిటెన్ ఆఫ్’ అని ఉంటే అప్పు ఇంకా తీరలేదని. ఈ మూడవ మాట దగ్గరే మనవారు పొరబడుతున్నారు. రాని సొమ్మును ఆస్తిగా చూపించుకోవడము బ్యాంకుకు తగదు కనుక, కొంతకాలము చూసి దానిని ఆస్తులనుండి తీసి నష్టములో వ్రాసుకుంటుంది. అమెరికాలో దీనినే చార్జాఫ్ అంటారు. క్రెడిట్ కార్డు బాకీ 180 రోజులు కట్టకపోతే అక్కడి బ్యాంకులు అలా వ్రాసుకోవాలి. అంటే బ్యాంకు తన పుస్తకములో తనకు తాను ఒక నిజము చెప్పుకున్నదన్నమాట. నిన్ను వదిలాను అని నీతో చెప్పలేదు. 2023 జూనులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో కూడ, ఇటువంటి రైటాఫ్ వలన అప్పుదారుమీద బ్యాంకుకున్న హక్కు పోదని స్పష్టముగా ఉన్నది.

మన ప్రజలకు బాగా తెలిసిన మాట ‘మాఫీ’. 2008లో కేంద్రము చేసిన వ్యవసాయ రుణమాఫీగాని, 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రాలు చేసినవిగాని తీసుకోండి. అక్కడ రైతు బాకీ పోయిందంటే, ఆ సొమ్మును ప్రభుత్వము తన ఖజానానుండి బ్యాంకుకు కట్టడానికి పూనుకున్నందువలన పోయినది. ఒకరి బదులు మరొకరు చెల్లించారు. క్రైస్తవులమైన మనకు ఈ సంగతి వివరించనక్కరలేదు. రైటాఫ్‌లో ఎవరూ ఎవరి బదులూ చెల్లించరు.

అయితే రిపోర్టులో ఉన్నదంతా వేదవాక్కని మేము అనము. తప్పులు చాలానే ఉంటాయి, మనవారి విషయములో మరీను. మన సంఘములలో ఒకే పేరు గలవారు ఎందరు! యోహానులు, దానియేలులు, శాంతకుమారిలు. ఇంటిపేరు ఒక కాగితములో ముందు, ఒక కాగితములో వెనుక. బడిలో ఒక పేరు, బాప్తిస్మము నాటి పేరు మరొకటి. మా యానాము పాతకాలపువారికైతే ఫ్రెంచి దస్తావేజులో ఒక స్పెల్లింగు, ఆధారు కార్డులో ఇంకొకటి. ఇన్ని పేర్ల నడుమ ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడటము వింత కాదు. అప్పు అణాపైసలతో తీర్చినా ‘క్లోజ్డ్’ అని బ్యాంకు పంపకపోవడము ఉన్నది. మన పాన్ నంబరుతో ఎవరో కార్డు తీసుకొని వాడుకొనిపోవడము ఉన్నది. బాకీ నిజమే అయినా మొత్తము తప్పుగా ఉండటము, ఆగిన తేదీ తప్పుగా ఉండటము ఉన్నది. అమెరికాలో ఉన్నవారు ఈ తేదీని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మొదట వాయిదా తప్పి, ఆపైన మరల గాడిన పడని ఆ తేదీనుండే అక్కడ గడువు లెక్కిస్తారు. బాకీ చేతులు మారినప్పుడు ఆ తేదీని ముందుకు జరపడము అక్కడి చట్టానికి విరుద్ధము.

ఇటువంటివాటిమీద తప్పక ఫిర్యాదు చేయాలి. గట్టిగా చేయాలి. సిబిల్‌వారికి, బ్యాంకుకు వ్రాతపూర్వకముగా ఇచ్చి, రసీదులు, నో డ్యూ సర్టిఫికెట్టు జతపరచాలి. ముప్పై రోజులలో తేల్చకపోతే, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకు వంద రూపాయల చొప్పున మనకు పరిహారము ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. 2024 ఏప్రిల్‌నుండి అది అమలులోనికి వచ్చినది. అప్పటికీ వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చు, ఖర్చు లేదు. ‘పోనీలే, దేవుడే చూసుకుంటాడు’ అని ఊరకుండే విశ్వాసులు ఉన్నారు. విచారణ లేకుండ కొట్టించిన ఫిలిప్పీ అధికారులను పౌలు ఊరకే వదలలేదు. తన రోమా పౌరసత్వము చెప్పి, వారే స్వయముగా వచ్చి తమను వెలుపలికి తీసుకొనిపోవాలన్నాడు. అబద్ధపు లెక్కను మోస్తూ కూర్చోవడములో భక్తి ఏమీ లేదు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో అడ్మిషన్ రిజిస్టరు విషయమై ఒక నియమము నేర్పేవారు. పుట్టినతేదీయో తండ్రి పేరో తప్పు పడితే రబ్బరుతో చెరపరాదు, బ్లేడుతో గీకరాదు. ఎర్రసిరాతో ఒక్క గీత గీసి, పైన సరైనది వ్రాసి, ప్రధానోపాధ్యాయుడు సంతకము చేయాలి. కొట్టివేసినది కూడ చదవడానికి అందాలి. దిద్దడానికీ చెరపడానికీ ఉన్న తేడా మాకు అక్కడ తెలిసినది. ఏజెంటు చెప్పేది బ్లేడు పని.

ఎందుకంటే, ఫిర్యాదు ఫారములో కారణాల పట్టిక ఉంటుంది. ‘ఈ ఖాతా నాది కాదు’ అన్నది అందులో ఒకటి. అప్పు మనదే అని తెలిసి దానిమీద గుర్తు పెడితే అది ఒక సాక్ష్యము, అబద్ధ సాక్ష్యము. కోర్టు బోనులో ప్రమాణము చేసి చెప్పినా, ఫోనులో వేలితో నొక్కినా తేడా లేదు. ఒక సహోదరుడు డాలస్‌నుండి వ్రాస్తూ, ‘అంకుల్, నేను అబద్ధమాడటము లేదు, నిరూపించమని అడుగుతున్నాను అంతే’ అన్నాడు. ఇది ఆలోచించవలసిన మాటే. ‘ఈ లెక్క ఎలా వచ్చినదో, అసలెంతో, వడ్డీ ఎంతో, ఈ బాకీని మీరు ఎవరి దగ్గర కొన్నారో చూపించండి’ అని అడగడము న్యాయమైన హక్కు. అమెరికాలో వసూలు కంపెనీలను అలా అడిగే హక్కును అక్కడి చట్టమే ఇచ్చినది. అందులో అబద్ధము లేదు. కాని ఆ అప్పును నేను ఎరుగను అనడము వేరు. ఎరుగను అనే మాటను ప్రధానయాజకుని ఇంటి ముంగిట ఎవరు అన్నారో, ఎన్నిసార్లు అన్నారో మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలుసు.

ఏజెంటు లెక్క ఏమిటంటే, సాక్షి రాడు అని. అమెరికాలో అప్పిచ్చినవారు ముప్పై రోజులలో ధ్రువపరచకపోతే ఆ పద్దును తీసివేయాలి. కనుక అక్కడ ఈ ఉపాయము ఒక్కొక్కసారి పారుతుంది. మన దేశములో బ్యాంకు ఒప్పుకోకుండ సిబిల్‌వారు తమంతట తాము మార్చరు గనుక, ఇక్కడ ఏజెంటు పుచ్చుకొనే ఇరవైవేలు చాలావరకు అతని ఇంటిలో దీపము వెలగడానికే. కాని ఉపాయము పారుతుందా లేదా అన్నది మన ప్రశ్న కాదు. పారినచోట కూడ అది చేయవచ్చునా అన్నదే.

పెద్ద పెద్దవాళ్ళు కోట్లు ఎగవేస్తుంటే మా రెండు లక్షల దగ్గరే నీతి గుర్తుకొచ్చినదా అని కొందరు కోపగించుకున్నారు. ఆ కోపములో న్యాయము ఉన్నది. అయిదు ఆర్థిక సంవత్సరాలలో బ్యాంకులు రైటాఫ్ చేసినది పది లక్షల కోట్ల రూపాయలకు పైమాటే అని 2022 డిసెంబరులో ఆర్థిక మంత్రియే రాజ్యసభలో చెప్పారు. అలా చేసినా అప్పుదారులు బాధ్యులుగానే ఉంటారని కూడ ఆమె అన్నారు. పెద్దవారి దగ్గర ఆ బాధ్యత ఎంత గట్టిగా అడుగుతున్నారో, కూలివాని దగ్గర ఎంత గట్టిగా అడుగుతున్నారో అందరూ చూస్తున్నదే. కాని అవతలివాడి తూనికరాయి దొంగదైతే మన రాయి సరియైనదై పోదు. ఇంకొక యువకుడు లూకా సువార్తలోని అన్యాయపు గృహనిర్వాహకుని ఉపమానము చూపించాడు. యజమానుని చీట్లు తిరగవ్రాయించి నూరును యాభై చేయించినవానిని ప్రభువు మెచ్చుకోలేదా అన్నాడు. తెలివైన కుర్రవాడు, వాక్యము చదువుతున్నందుకు సంతోషము. అయితే ఆ ఉపమానములో మెప్పు పొందినది అతని ముందుచూపు. అతడు మాత్రము కథ చివరివరకు అన్యాయస్థుడనే పిలువబడ్డాడు.

చట్టము మాటకు వస్తే, మా యానామువారికి అది మిగతావారికంటె ఇంకొంత బాగా తెలియాలి, ఎందుకంటే మేము ఎల్లమీద బ్రతికినవాళ్ళము. 1954 వరకు ఇక్కడ ఫ్రెంచివారి ఏలుబడి. ఫ్రెంచి సివిల్ కోడులో బాకీమీద దావాకు సాధారణ గడువు ముప్పై ఏళ్ళు. ఎల్ల దాటితే ఇంగ్లీషువారి చట్టము, చేతి అప్పుకు మూడేళ్ళు. ఒకే నాడు, ఒకే మొత్తము, ఇవతల ఇచ్చినవాడు ముప్పై ఏళ్ళు అడగవచ్చు, అవతల ఇచ్చినవానికి మూడేళ్ళతో సరి. ఈనాడు మనకు వర్తించే 1963నాటి కాలపరిమితి చట్టములో కూడ మూడేళ్ళే. ఫ్రాన్సువారు సైతము 2008లో ముప్పైని అయిదు చేసుకున్నారు. ఇలా గడువులు మారుతుంటే, అప్పు తీసుకున్నవాని మనస్సాక్షి కూడ ముప్పైనుండి మూడుకు, మూడునుండి అయిదుకు మారుతుందా?

గోదావరి జిల్లాల రైతుకు ఈ సంగతి చదువు లేకున్నా తెలుసు. మూడేళ్ళు దాటబోయే ప్రోనోటు వెనుక పదో పరకో చెల్లు వ్రాయించుకొని నోటును బ్రతికించుకుంటాడు. దాటిపోతే ‘నోటుకు కాలదోషము పట్టినది’ అంటాడు. ఎంత చక్కని మాట! దోషము కాలానిది అన్నారు, అప్పు లేదు అనలేదు. 1958లో సుప్రీంకోర్టు చెప్పినది కూడ ఇదే. గడువు దాటితే కోర్టుద్వారా వసూలు చేసుకొనే మార్గము మూసుకుపోతుంది, బాకీ మాత్రము చచ్చిపోదు. అందుకే కాలదోషము పట్టిన బాకీని తీరుస్తానని ఒకడు వ్రాసి సంతకము చేస్తే, 1872నాటి కాంట్రాక్టు చట్టము దానిని చెల్లుబాటుగా ఎంచుతుంది. చచ్చినదానిని మాటతో లేపలేము గదా.

ఎల్ల దాటి తప్పించుకోవడము మా ఊరికి మరొక విధముగా కూడ తెలుసు. 1929లో శారదా చట్టము వచ్చాక, బ్రిటిషు ప్రాంతమునుండి ఎందరో తలిదండ్రులు పసిబిడ్డలను తీసుకొచ్చి ఇక్కడ పెండ్లిండ్లు చేసుకుపోయేవారు. ఇక్కడ ఆ చట్టము లేదు. అందువలన యానాముకు కల్యాణపురము అనే ముద్దుపేరు కూడ వచ్చినది. ఎల్ల దాటిన పిల్ల వయస్సు పెరిగినదా? 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మైక్రోఫైనాన్స్ కంపెనీలమీద ఆర్డినెన్సు తెచ్చినది. ఆ కంపెనీలు వారవారము ఇంటిమీదికి వచ్చి చేసిన ఆగడాలు, ఆ బాధలు పడలేక పోయిన ప్రాణాలు అప్పటి పత్రికల నిండా ఉన్నవే. ఆ చట్టము రావలసినదే. దాని తరువాత రాష్ట్రములో వసూళ్ళు దాదాపు నిలిచిపోయి, కంపెనీలు ఆ బాకీలను రైటాఫ్ చేసుకున్నాయి. ఆర్డినెన్సు తాళ్ళరేవులో వర్తించినది, పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాములో వర్తించలేదు. ఇరుగుపొరుగు ఊళ్ళలో, ఒకే కంపెనీ దగ్గర, ఒకే మొత్తము తీసుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఊహించండి. ఒకరిని చట్టము కాపాడినది, మరొకరిని కాపాడలేదు. అది రక్షణ విషయములో తేడా. తీసుకున్నామా లేదా అన్న నిజములో వారిద్దరికీ తేడా లేదు. గల్ఫునుండి కార్డు బాకీలు వదిలి విమానమెక్కిన మన పిల్లలకు కూడ ఇదే మాట. పైగా 2020 జనవరినుండి ఎమిరేట్సు కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టులలోనే అమలు చేయించుకొనే వీలు ఏర్పడినది గనుక, ఆ ఎల్ల కూడ మునుపటి ఎల్ల కాదు.

ఇంత చెప్పినందువలన, అప్పు ఆగిన ప్రతివాడు దోషి అని మేము అన్నట్టు తీసుకోవద్దు. తీర్చలేకపోవడము, తీర్చకపోవడము వేరు. 2012 జనవరిలో యానాము రీజెన్సీ సిరామిక్స్‌లో జరిగిన గొడవలలో ఒక కార్మిక నాయకుడు, ఒక కంపెనీ ఉన్నతాధికారి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫ్యాక్టరీ మూతబడినది. జీతము చూపించి అప్పు తెచ్చుకున్న ఇంటిలో జీతము ఆగితే వాయిదా ఆగుతుంది. వారిని ఎగవేతదారులు అనడానికి ఎవరికి నోరు వస్తుంది? ధర్మశాస్త్రములో దేవుడు ఏడవ ఏట అప్పులు విడిచిపెట్టమని ఆజ్ఞాపించాడు. ఆ ఏడు దగ్గరపడినదని బీదవానికి అప్పు ఇవ్వక చేయి ముడుచుకోవద్దని కూడ హెచ్చరించాడు. అప్పు మనిషిని జీవితాంతము మెడకు కట్టిన రాయిలా ఉండకూడదన్నది దైవచిత్తమే. అమెరికాలో చార్జాఫ్ పద్దు సుమారు ఏడేళ్ళకు రిపోర్టునుండి పోవాలని చట్టమున్నది. అక్కడ ఏడు పై హద్దు. మన దేశములో ఆ లెక్కలను కనీసము ఏడేళ్ళు ఉంచాలన్నది నియమము, అంటే ఏడు క్రింది హద్దు. ఈ విషయములో అమెరికావారి చట్టమే వాక్యానికి దగ్గరగా ఉన్నదని మా అభిప్రాయము, మన ప్రభుత్వము ఆలోచించవలసినది. అక్కడివారు నోరు మూసుకొని ఏడేళ్ళు ఓపిక పట్టి, గడువు దాటినా పద్దు పోకపోతే ‘గడువు దాటినది, తీసివేయండి’ అని వ్రాస్తే, అది అక్షరాలా నిజము. అందులో మాకు ఏ తప్పూ కనబడదు. ఏడవ ఏడు రాకముందే ‘అసలు నేను అప్పే తీసుకోలేదు’ అనేవాడు విడుదలను అడగడము లేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగు బైబిలు ‘ఋణములు’ అన్న మాటనే ఉంచినది. ప్రతి ఆదివారము పలుకుతాము. ఆ మాటలో క్షమించేవాడు ఎప్పుడూ అప్పిచ్చినవాడే. అప్పు తీసుకున్నవాడు తన్ను తాను క్షమించుకున్న సందర్భము బైబిలులో మాకు ఎక్కడా కనబడలేదు. ‘నాది కాదు’ అనే గుర్తు ఆ పనే చేస్తుంది. అడగకుండ, ఒప్పుకోకుండ, తనకు తానే మాఫీ ఇచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఎరుకలోని ఒక సహోదరుడు 2013లో ఒక బ్యాంకులో రెండు లక్షలు తీసుకున్నాడు. ఏడాదిన్నర కట్టాడు, ఉద్యోగము పోయినది, ఆపాడు, ఊరు విడిచాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాడు, ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. ఇంటి అప్పుకు వెళితే రిపోర్టులో రెండు మచ్చలు కనబడ్డాయి, ఒకటి ఈ అప్పు, రెండవది ఏనాడూ తీసుకోని ఒక క్రెడిట్ కార్డు. ఏజెంటు రెండింటికీ ఒకే మందు చెప్పాడు. అతడు మాకు ఫోను చేసినప్పుడు మేము ముందుగా అడిగినది ఒక్కటే, హామీ సంతకము ఎవరు చేశారు అని. కొంతసేపు మాట రాలేదు. తరువాత, పెదనాన్నగారు అన్నాడు.

షూరిటీ ఉన్న అప్పు షూరిటీదారు రిపోర్టులో కూడ ఎక్కుతుందని చాలామందికి తెలియదు. పెదనాన్నగారికి అరవైలు దాటాయి, ఇంటి కప్పు మార్చుకోవడానికి అప్పు అడిగితే కాదన్నారు, ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఈ అప్పు నాది కాదు అని అబ్బాయి వ్రాస్తే, ఆయన ఎవరి అప్పుకు సంతకము చేసినట్టు? అబ్బాయి పేరు తుడిచిపెట్టుకుపోతుంది, పెద్దాయన పేరు దానిమీద మిగులుతుంది. సామెతల గ్రంథము హామీలు ఉండవద్దని మరల మరల హెచ్చరిస్తుంది. అయినా పౌలు ఫిలేమోనుకు ఉత్తరము వ్రాస్తూ, ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని స్వహస్తముతో వ్రాసి ఇచ్చాడు. అలా వ్రాసి ఇచ్చేవారు ఉండబట్టే మన పిల్లలలో ఎందరికో మొదటి అప్పు, మొదటి ఉద్యోగము, మొదటి టిక్కెట్టు దొరికినవి. వలస వెళ్ళినవారి వెనుక ఊరిలో ఇటువంటి సంతకాలు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు.

ఆ సహోదరుడు కార్డుమీద ఫిర్యాదు చేశాడు. నెలలోపల అది పోయినది, నిజముగా అతనిది కాదు గనుక. అప్పు విషయమై బ్యాంకుకు వెళ్ళి, ఇది నాదే, ఎంత అని అడిగాడు. అసలు ఒక లక్షా ముప్పై వేలు మిగిలితే, వడ్డీ, జరిమానాలు కలిపి దాదాపు నాలుగు లక్షలు చెప్పారు. మూడు నెలలు తిరిగి, ఒక లక్షా తొంభైకి ఒప్పించి, భార్య గాజులు పెట్టి కట్టాడు. ఆ అమ్మాయి సంతోషముగా ఇచ్చినదని మేము అబద్ధము వ్రాయలేము. పెద్దాయన పేరుమీద బాధ్యత తీరినట్టు బ్యాంకు కాగితము ఇచ్చినది. అతని రిపోర్టులో మాత్రము ‘సెటిల్డ్’ అని పడినది గనుక ఇంటి అప్పు ఇప్పుడే రాదు. రాజీ చేసుకున్నవారికి అదే బ్యాంకు కనీసము పన్నెండు నెలలు కొత్త అప్పు ఇవ్వరాదన్న నియమము కూడ ఉన్నది. ఈ సంవత్సరము కూడ అద్దె ఇల్లే. వదిలిన మిగతా సొమ్ము కూడ కట్టాలా అని అతడు అడిగాడు. దీనిమీద మా పెద్దలలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. జక్కయ్య నాలుగంతలు ఇచ్చాడు గదా అన్నవారున్నారు. మా మట్టుకు మాకు, జక్కయ్య అన్యాయముగా తీసుకున్నదానికి ఇచ్చాడు, ఇక్కడ అప్పిచ్చినవారే కళ్ళు తెరచి, లెక్క చూసి, ఇంతతో చాలన్నారు, కనుక బాకీ తీరినది. అతనికి చేతనైనప్పుడు, మనసు పుట్టినప్పుడు మిగతాది కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకుంటే అది అతని ఇష్టము.

అతని చెల్లెలి భర్త మస్కటులో ఉన్నాడు, ఈ నడుమ తాను హామీ ఉన్న ఒక స్నేహితుని అప్పు గురించి అడుగుతూ వ్రాశాడు. స్నేహితుడు ఫోను ఎత్తడము లేదట. దానికి జవాబు ఒక్కరు చెప్పేది కాదు గనుక వచ్చే సంచికలో పెద్దలందరి అభిప్రాయము తీసుకొని వ్రాస్తాము.

ఫిర్యాదు వ్రాసుకోవడము తెలియనివారు, పండుగకు ఊరు వచ్చినప్పుడు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మమ్మును కలుసుకోవచ్చు. బ్యాంకులో పనిచేసి విరమించిన సహోదరులొకరు మాతో కూర్చుంటారు. నాలుగు సంస్థల రిపోర్టులు, అసలు రసీదులు, నో డ్యూ సర్టిఫికెట్టు ఉంటే అది, పేరు తేడా ఉన్నవారు బడి సర్టిఫికెట్టు, ఆధారు, పాన్ తీసుకొని రండి. జిరాక్సు కాపీలు రెండు రెండు. ఎవరికైనా హామీ సంతకము చేసి ఉంటే ఆ బ్యాంకు పేరు, సంవత్సరము ఒక కాగితముమీద వ్రాసి తీసుకొని రండి. ఆ సంగతి ఇంటిలోవారికి చెప్పకపోయి ఉంటే, చెప్పి రండి.